వంటింటి పనిలో తలుపుల వంతు చివరికి

వంటిల్లు మార్పించాలనుకోగానే చాలామంది ముందు షోరూమ్‌కి వెళ్తారు. నిగనిగలాడే తలుపులు, వేలు తగిలితే మెత్తగా మూసుకునే సొరుగులు, లోపల లైటు వెలిగే గాజు అరలు చూపిస్తారు. ఇంటి కొలతలు అడిగి కంప్యూటర్లో రంగుల బొమ్మ గీస్తారు. బొమ్మ కింద ఒక అంకె ఉంటుంది. అది చూసి కొందరు ఇప్పట్లో మన వల్ల కాదని వెనక్కి తిరుగుతారు, కొందరు అప్పో సప్పో చేసి సరేనంటారు. ఆ బొమ్మలో కనపడనివి మాత్రం కొన్ని ఉన్నాయి. సింకు నుంచి మురుగు పోయే పైపు వాలు ఎంత, గోడలో పరిచిన తీగ ఎంత మందం, పోపు ఘాటు ఎటు పోతుంది అన్నవి. రోజూ వండేవాళ్ళ సుఖదుఃఖాలన్నీ వాటి మీదే ఉంటాయి.

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఖర్చుకు వరస పెట్టడానికి నాకు తెలిసిన మంచి కొలబద్ద ఒక్కటే. ప్రతి వస్తువు దగ్గరా ఆగి, "ఐదేళ్ళ తర్వాత దీన్ని మార్చాలంటే ఏం పగలగొట్టాలి?" అని అడగాలి. గోడో, టైలో, గట్టో పగలగొట్టాల్సి వస్తే దాని మీద ఇప్పుడే, లోటు లేకుండా ఖర్చు పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో విప్పి మార్చగలిగేదైతే అది ఆగగలదు. తలుపులు, పిడులు, బుట్టలు, గోడ అరలు అన్నీ విప్పగలిగేవే. బజారు మాత్రం మన డబ్బంతా ముందు వీటి మీదే పెట్టించి, పైపులకూ తీగలకూ మిగిలిన చిల్లరతో సరిపెట్టుకోమంటుంది.

లెక్కకు ఒక గది తీసుకుందాం. అపార్ట్‌మెంట్లలో తరచూ కనపడే 8×10 అడుగుల వంటిల్లు. పదడుగుల గోడ వెంట గట్టు నడిచి, మూల తిరిగి పక్క గోడ మీద ఆరడుగుల దాకా వస్తుంది. వెడల్పు రెండడుగులు. గట్టు కింద కడప బండలు నిలబెట్టి కట్టిన అరలు, తలుపు పైన అటక, ఒక కిటికీ, కిటికీ పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి రంధ్రం. చేతిలో లక్షన్నర ఉందనుకుందాం. రేట్లు ఊరికో తీరు, నెలకో తీరు. అందుకే ఇక్కడ చదరపు అడుగుకు ఇంత అని చెప్పను. కొలతలు మాత్రం ఎక్కడైనా అవే, అవి చేతిలో ఉంటే బేరం మన చేతిలో ఉన్నట్టే.

ఈ గదిలో గట్టు పైబండ 28 చదరపు అడుగులు (పది రెళ్ళు ఇరవై, మూల తీసేస్తే నాలుగు రెళ్ళు ఎనిమిది). గట్టు మీద రెండడుగుల ఎత్తు టైలు వేస్తే గోడ 16 అడుగుల పొడవుకు 32 చదరపు అడుగులు. గట్టు కింద ముందు వైపు కనపడే పొడవు 12 అడుగులు, తలుపుల ఎత్తు రెండున్నర, అంటే 30 చదరపు అడుగులు. ఒక గోడకు మాత్రమే పై అరలు పెడితే ఆరడుగులు బై రెండడుగులు, ఇంకో 12. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకున్నాకే ఎవరినైనా పిలవండి.

గట్టు జోలికి పోవాలా?

చాలా ఇళ్ళలో గట్టును పగలగొట్టే అవసరమే ఉండదు. నల్ల గ్రానైటు పాతికేళ్ళయినా బండగానే ఉంటుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైటు దేశదేశాలకు పోతుంటే, మన ఇంట్లో ఉన్న బండను పగలగొట్టి దానికన్నా తక్కువ మన్నే రకాన్ని ఫ్యాషన్ పేరుతో తెచ్చుకోవడం నాకు మింగుడు పడదు. క్వార్ట్జ్ చూడ్డానికి బాగుంటుంది, కానీ అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు. పొయ్యి మీంచి దించిన నూనె కడాయి నేరుగా పెడితే మచ్చ పడి అలాగే ఉండిపోతుంది. కడాయి దించేముందు కుదురు కోసం వెతుక్కునే ఓపిక మన వంటిళ్ళలో ఎంతమందికి ఉంటుందో మీకే తెలుసు.

పాత బండ మెరుపు తగ్గి ఉంటే పాలిష్ పట్టించవచ్చు. అంచులు పెచ్చులూడితే అరగదీయించి గుండ్రం చేయించవచ్చు. గట్టును మార్చక తప్పని సందర్భం ఒకటుంది, ఎత్తు కుదరకపోవడం. రోజూ ఎక్కువసేపు వంట చేసేవాళ్ళు చెప్పుల్లేకుండా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవాలి. అందులోంచి నాలుగు నుంచి ఆరంగుళాలు తీసేస్తే గట్టు ఎత్తు వస్తుంది. అయిదడుగుల రెండంగుళాల మనిషికి ఇది సుమారు 33 నుంచి 35 అంగుళాలు. పాత గట్టు 30 దగ్గర ఉంటే, నడుం నొప్పికి మందులు కొనేకన్నా గట్టుకే ఖర్చు పెట్టడం నయం. రెండంగుళాలు అటూ ఇటూ అయితే వదిలేయండి.

కొత్త బండ వేయించేట్టయితే 18 నుంచి 20 ఎంఎం మందం ఉందో లేదో అంచు దగ్గర టేపు పెట్టి చూడండి. ఆ మందంలో చదరపు అడుగు అయిదు కిలోల దాకా తూగుతుంది, అంటే మొత్తం 140 కిలోలు. సింకు కోసం కోసిన చోట ముందూ వెనకా మిగిలే సన్నటి పట్టీలే ముందు విరుగుతాయి, వాటి కింద ఆసరా తప్పనిసరి. ఇంకో చిన్న పని ఉంది. బండ ముందంచుకు అడుగు వైపున, అంచు నుంచి అరంగుళం లోపలికి, కటింగ్ మిషన్‌తో సన్నటి గాడి గీయించాలి. అంచు మీంచి జారిన నీళ్ళు బండ అడుగున పాకి తలుపుల దాకా పోకుండా ఆ గాడి దగ్గరే చుక్కలై రాలిపోతాయి. పావుగంట పని, కానీ అడిగితే తప్ప ఎవరూ చెయ్యరు. బండ బిగించాక చెయ్యడం దాదాపు కుదరదు.

పొయ్యి జరపడం చౌక, సింకు జరపడం ఖరీదు

మార్పుల జాబితాలో వాస్తు ఎలాగూ ఉంటుంది. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి, వండేవాళ్ళు తూర్పుకు తిరగాలి అంటారు. నమ్మకం సంగతి పక్కన పెడితే, పొయ్యిని జరపడం పెద్ద ఖర్చు కాదు. గ్యాసు గొట్టం, లైటు, పొగ దారి చూసుకుంటే చాలు. సింకును ఈశాన్యానికి జరపమంటే మాత్రం ఖర్చు మాటలతో పోదు. మంచినీళ్ళ పైపును ఎటైనా తిప్పవచ్చు, అందులో ఒత్తిడి ఉంటుంది. మురుగు నీళ్ళు వాలు ఉంటేనే కదులుతాయి. నలభై అంగుళాల పొడవుకు ఒక అంగుళం వాలు కావాలి. సింకును ఎనిమిదడుగులు అవతలికి జరిపితే పైపు చివర దాదాపు రెండున్నర అంగుళాలు కిందికి దిగాలి. నేలలో అంత లోతు లేకపోతే మేస్త్రీ వాలు తగ్గిస్తాడు. ఇక నూనె జిడ్డు, అన్నం మెతుకులు, కాఫీ పిప్పి అక్కడే పేరుకుంటాయి. ఆరు నెలలకోసారి సింకు నిండి పొంగడానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండో కారణం ముడతల ప్లాస్టిక్ గొట్టం. సింకు కింద బిగించే ఈ గొట్టం చౌక, ఎటు కావాలంటే అటు వంగుతుంది. ఆ ముడతల్లోనే జిడ్డు పట్టి గట్టిపడుతుంది. దాని బదులు నున్నటి పీవీసీ పైపు, విప్పి కడుక్కునే మూత ఉన్న ట్రాపు పెట్టించండి. ట్రాపులో ఎప్పుడూ కొద్దిగా నీళ్ళు నిలిచి ఉండి మురుగు వాసననూ బొద్దింకలనూ ఆపుతాయి. సింకు కింద బొద్దింకల బెడద తగ్గలేదంటే ముందు చూడాల్సింది మందు డబ్బా కాదు, ట్రాపు ఉందా, పైపు గోడలో దూరే చోట సందు మూసి ఉందా అన్నది.

సింకు సైజు గురించి షోరూమ్‌లో రెండు గిన్నెల సింకు, నీళ్ళు ఓడ్చే పళ్ళెం అంటూ ఊరిస్తారు. మనం తోమేవి ఇడ్లీ పాత్ర, పెద్ద కుక్కరు, పులిహోర కలిపిన బేసిను. ఇవి పట్టాలంటే ఒకటే లోతైన సింకు, 24×18 అంగుళాలు, లోతు తొమ్మిది పది ఉంటే సుఖం. బయట వాష్ ఏరియా ఉండి గిన్నెలన్నీ అక్కడే తోమించే ఇంట్లో అయితే లోపల చిన్న సింకు చాలు. అప్పుడు మిగిలే గట్టు జాగా కూరగాయలు తరగడానికి పనికొస్తుంది.

ఇక తలుపులు ఉబ్బిపోయే కథ. కార్పెంటర్ని తిట్టేముందు ఆ నీళ్ళు ఏ దారిన వచ్చాయో చూడాలి. సింకు అంచుకూ బండకూ మధ్య సిలికాన్ పట్టీ ఏడాది రెండేళ్ళలో నల్లబడి ఒకచోట ఊడుతుంది. కుళాయి మొదట్లో నిలిచిన నీళ్ళు ఆ సందులోంచి బండ అడుక్కు చేరతాయి. అక్కణ్ణుంచి ఫ్రేము మీదికి, ఫ్రేము నుంచి తలుపు పైఅంచుకు. చెక్క మీద అంటించే పలచటి పలక, లామినేట్, ముందూ వెనకా ఉంటుంది కానీ, పైఅంచు కనపడదు కదా అని పట్టీ అంటించకుండా వదిలేసి ఉంటారు. చెక్క నీళ్ళు తాగేది అక్కడే. మొదట అంచు దగ్గర చిన్న ఉబ్బు, తర్వాత లామినేట్ లేవడం, చివరికి కీలు స్క్రూ పట్టు వదలడం. దీనికి విరుగుడు ఖరీదైన తలుపు కాదు. నాలుగు అంచులకూ పట్టీ, ఫంగస్ పట్టని రకం సిలికాన్, సింకు అరలో చెక్క అడుగు లేకుండా బండ అడుగు, ఇంతే. సింకు అర అడుగున ప్లైవుడ్ పరచడమంత అనవసరపు ఖర్చు ఇంకోటి లేదు.

నీళ్ళ పైపులు వేశాక, గాడులు పూడ్చకముందే, చివర్లు బిగించి పంపుతో ఒత్తిడి పెట్టి ఒక రాత్రి అలాగే ఉంచమనండి. తెల్లారి పంపు మీటరులో ముల్లు దిగి ఉంటే ఎక్కడో అతుకు కారుతోందని అర్థం. టైలు వేశాక బయటపడే లీకేజీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ ఒక్క రాత్రి ఆలస్యం లెక్కలోది కాదు. వంటింటికి విడిగా ఒక వాల్వు, మున్సిపల్ నీళ్ళు వస్తే తాగే నీటికి వేరే కుళాయి, ప్యూరిఫయర్ వదిలేసే నీళ్ళకు ఒక పైపు, ఇవన్నీ ఇప్పుడే పెట్టించాలి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువున్న ఊళ్ళలో నల్ల బండ మీద తెల్ల మరకలు ఎలాగూ పడతాయి, దానికి గుడ్డ తప్ప వేరే మార్గం లేదు.

తీగలు

పాత ఫ్లాట్లలో వంటింటికంతా ఒకే లైను ఉంటుంది. అది మిక్సీ, ఫ్రిజ్ కాలం నాటి లెక్క. ఇప్పుడు 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 1500 వాట్ల కెటిల్, 1200 వాట్ల ఓవెన్ ఒకేసారి నడిస్తే 4700 వాట్లు, 230 వోల్టుల దగ్గర ఇరవై ఆంపియర్లు దాటుతుంది. తీగ సన్నదైతే గోడలోనే వేడెక్కుతుంది. ప్లగ్గు నల్లబడటం, కాలిన వాసన రావడం, కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్చు, ఎంసీబీ, పదే పదే పడిపోవడం ఆ తర్వాత కనపడేవి. పడిపోతోందని ఇంకా పెద్ద ఎంసీబీ వేయించేవాళ్ళున్నారు. జ్వరం వస్తోందని థర్మామీటరు మార్చినట్టుంటుంది.

గట్టు మీది పెద్ద ప్లగ్గులకు కనీసం రెండు విడి లైన్లు వేయించండి. జనం 15 ఆంప్స్ అనే ప్లగ్గు మీద 16 అని ఉంటుంది, అదే. పెద్ద ప్లగ్గుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు తక్కువ వద్దు. ఒకే లైను మీద రెండు పెద్ద పరికరాలు నడిచే అవకాశముంటే 4 వేయించండి. లైట్లకు 1.5 సరిపోతుంది. ప్రతి లైనుకు దాని ఎంసీబీ, మొత్తానికి, కరెంటు దారి తప్పి కారితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. తడి చేత్తో మిక్సీ ముట్టుకునే గదిలో ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. ప్లగ్గులు గట్టుకు ఆరు నుంచి ఎనిమిదంగుళాల పైన, సింకుకు రెండడుగుల ఎడంగా, పొయ్యి వెనక అస్సలు లేకుండా ఉండాలి. మిక్సీకి, గ్రైండరుకు, ఇండక్షన్‌కు, ఓవెన్‌కు, కెటిల్‌కు అయిదు ప్లగ్గులు గట్టు మీదే లెక్క తేలుతుంది. ఫ్రిజ్, ప్యూరిఫయర్, చిమ్నీ అదనం. ఇప్పుడు చిమ్నీ కొనకపోయినా దాని ప్లగ్గు ఏడడుగుల ఎత్తున పెట్టించి ఉంచండి.

గాడులు పూడ్చకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు అరకు రంధ్రం వేసేవాడు డ్రిల్లును పైపులోకో తీగలోకో దింపకుండా కాపాడేది ఆ ఫొటోలే.

గ్యాసు గురించి రెండు మాటలు. 14.2 కిలోల సిలిండరును తలుపున్న అరలో పెడితే ఆ తలుపుకో పక్క గోడకో నేల మట్టాన గాలి రంధ్రాలు ఉండాలి, ఎల్పీజీ గాలికన్నా బరువైంది, కారితే కింద పరుచుకుంటుంది. పైపులో వచ్చే సహజవాయువు తేలిక, దానికి రంధ్రాలు పైన కావాలి. ఈ తేడా తెలియక అందమైన తలుపులతో రెండింటినీ బిగించేసేవాళ్ళు చాలామంది. సిలిండర్ నిలువుగా, పొయ్యికన్నా కింద ఉండాలి. సురక్ష గొట్టం మీటరున్నరకు మించకూడదు, అయిదేళ్ళకు మార్చాలి. ఆ గొట్టాన్ని గోడలోంచి దూర్చకూడదు. సిలిండర్ ఉన్న అరలో ప్లగ్గు వద్దు.

పొగకు చిమ్నీయే కొనాలా? బయటి గోడ ఉన్న వంటింటికి ఈ బడ్జెట్‌లో నా ఓటు మంచి ఎగ్జాస్ట్ ఫ్యానుకే. గది 8×10, ఎత్తు పది, అంటే 800 ఘనపుటడుగులు, దాదాపు 22.6 ఘనపు మీటర్లు. గంటకు ఇరవైసార్లు గాలి మారాలంటే 450 ఘనపు మీటర్లు తోడే ఫ్యాను కావాలి. ఆ అంకె పెట్టె మీద రాసి ఉంటుంది, రెక్కల సైజు కాదు అది చూసి కొనండి. ఫ్యాను పొయ్యికి దగ్గరగా, ఎత్తుగా ఉండాలి. గాలి వచ్చే దారి దానికి ఎదురుగా ఉండాలి. పక్కనే కిటికీ తెరిచి ఉంచితే ఆ గాలినే లోపలికి లాగి మళ్ళీ బయటికి నెడుతుంది, ఎండుమిర్చి ఘాటు మాత్రం హాల్లోకి పోతుంది. చిమ్నీయే కావాలనుకుంటే ఆరంగుళాల గొట్టంతో, వీలైనంత తిన్నగా, వంపులు ఒకటి రెండుకు మించకుండా బయటికి తీయించండి. పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో బిగించాలి. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో నడిచేది మన పోపుకు ఆగదు.

టైళ్ళకు వస్తే, 600×300 ఎంఎం టైలు రెండు చదరపు అడుగులకు కాస్త తక్కువ. 32 చదరపు అడుగులకు 17, కోతకూ పగుళ్ళకూ కలిపి 19 తీసుకుని, మిగిలినవి అటక మీద దాచండి. టైలు రకం కన్నా సందు నింపే గ్రౌటు మీద శ్రద్ధ పెట్టండి. సిమెంటు గ్రౌటు పసుపు పీల్చుకుంటే పోదు. పొయ్యి వెనక గోడ ఒక్కదానికైనా ఎపాక్సీ గ్రౌటు వేయించండి. అది రెండు మూడు పాళ్ళు కలిపే సరుకు, అరగంటా ముప్పావుగంటలో గట్టిపడుతుంది. అలవాటు లేని మేస్త్రీ గది మొత్తానికి ఒకేసారి కలిపి, తుడవడం ఆలస్యం చేస్తే టైలు మీద జిగట పొర శాశ్వతంగా ఉండిపోతుంది. కొద్దికొద్దిగా కలిపి, వేసిన చోట వెంటనే తడి స్పాంజితో తుడవాలి. నేల మీద పాత టైళ్ళ పైనే కొత్తవి అంటిస్తే పగలగొట్టే ఖర్చు మిగులుతుంది. నేల 15 ఎంఎం దాకా పైకి లేస్తుంది కాబట్టి తలుపు అడుగు కోయించాలి, గట్టు ఎత్తు ఆ మేర తగ్గినట్టే. అంతకన్నా ముందు పాత టైళ్ళ మీద నాణెంతో కొట్టి చూడండి, బోలుగా మోగితే వాటి మీద ఏదీ అంటించకూడదు.

ఇప్పుడు తలుపులు

కడప బండల అరలు ఉన్న ఇంట్లో పూర్తి పెట్టెలతో మాడ్యులర్ చేయించడమంటే, చెదపట్టని, ఉబ్బని, 140 కిలోల బండను మోస్తున్న రాతి గోడల్ని కొట్టేసి వాటి స్థానంలో చెక్క గోడలు కొనుక్కోవడం. దానికి బదులు ఉన్న బండలకే ముందు ఫ్రేము బిగించి తలుపులు వేయించవచ్చు. సెమీ మాడ్యులర్ అంటారు. 30 చదరపు అడుగుల ముందు భాగానికీ, 12 చదరపు అడుగుల పై అరల తలుపులకూ 8×4 ప్లైవుడ్ షీట్లు రెండు సరిపోతాయి, సొరుగులకు పలచనిది ఇంకో షీటు.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 గుర్తున్నది మరుగునీటికి కూడా తట్టుకునే జిగురుతో చేసిన రకం. ఐఎస్ 303 కింద ఎంఆర్ (తేమను మాత్రమే తట్టుకునేది), బీడబ్ల్యూఆర్ (మరుగునీటిని కొంతవరకు తట్టుకునేది) అని రెండున్నాయి. ఎంఆర్ వంటింటికి పనికిరాదు. ముద్ర మీద నమ్మకం లేకపోతే చిన్న ముక్క కోయించి మూడు నాలుగు గంటలు నీళ్ళలో మరిగించండి, చవక జిగురైతే పొరలు విడిపోతాయి. లామినేట్ బయట 1 ఎంఎం, లోపల 0.8. లోపలి వైపు పెయింటుతో సరిపెడతానంటే ఒప్పుకోకండి, ఒకవైపే అంటించిన తలుపు కొన్నాళ్ళకు విల్లులా వంగుతుంది.

సొరుగులు ఎక్కువ వద్దు. పొయ్యి పక్కన మూడు, అందులో ఒకటి లోతుగా, పప్పుల డబ్బాలకు. రాతి గోడల మధ్య సొరుగు పెట్టేటప్పుడు కొలత తప్పే చోటు ఒకటుంది. ఆ గోడలు తిన్నగా ఉండవు. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా కొలిచి, తక్కువ వచ్చినది పట్టుకోవాలి. సొరుగు జారడానికి పక్కల బిగించే బాల్ బేరింగ్ చానెల్‌కు అటు 13, ఇటు 13, మొత్తం 26 ఎంఎం తీసేస్తే సొరుగు వెడల్పు వస్తుంది. ముందు ఒక్కచోటే కొలిచి చేసిన సొరుగు సగం దాకా వెళ్ళి ఇరుక్కుంటుంది, అప్పుడు చానెల్ మీద సుత్తి దెబ్బలు పడతాయి.

స్టీలు బుట్టలు కొనాలంటే దుకాణంలో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి తుప్పు పట్టని 304 రకమే అంటారు. 202 రకం కూడా అయస్కాంతానికి మామూలుగా అంటుకోదు. ఉప్పు నీళ్ళు తగిలితే ముందు తుప్పు పట్టేది అదే. రసాయన చుక్క వేసి చూపించమనండి, లేదా బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయనంటే సంగతి తెలిసిపోయినట్టే. మూలలో తిరిగే పళ్ళేలు, సీసాలకు సన్నటి సొరుగు లాంటివి బడ్జెట్ వంటింటికి అనవసరం. మూలలో ఏడాదికోసారి తీసే పెద్ద గిన్నెలు పెట్టుకోండి. పాతిక కిలోల బియ్యం బస్తాకు మాత్రం తలుపున్న అర ఒకటి, అడుగు బండతో, ముందే కేటాయించండి.

"కంపెనీకి ఇస్తే అన్నీ వాళ్ళే చూసుకుంటారు, వారంటీ ఉంటుంది, నలుగురు మేస్త్రీల వెంట తిరిగే ఓపిక మాకు లేదు" అనేవాళ్ళ మాటలో న్యాయముంది. ఉద్యోగాలతో సతమతమయ్యే ఇంట్లో సమయం కూడా డబ్బే. అయితే వారంటీ కాగితం చదివి చూడండి, అది సాధారణంగా కీళ్ళకూ చానెళ్ళకూ చెక్కకూ ఉంటుంది, నీళ్ళు తగిలి పాడైతే వర్తించదని ఒక వాక్యం కూడా ఉంటుంది. నీళ్ళ పని, కరెంటు పని ఇంటివాళ్ళదే అన్న షరతు మరోచోట ఉంటుంది. కంపెనీకి ఇచ్చినా ఆ రెండు పనులు ముందు మనమే చక్కగా పూర్తి చేయించి, తర్వాత కొలతలకు రమ్మనడం మేలు. టైలు వేయకముందు తీసిన కొలతలతో ఫ్యాక్టరీలో కోసిన పెట్టెలు అర అంగుళం తేడాతో వచ్చి గోడ చెక్కించిన ఇళ్ళకు లోటు లేదు.

కొటేషన్ చేతికొస్తే మొత్తం చివర చూడండి. మొదట చూడాల్సింది చదరపు అడుగు అంటే దేన్ని కొలిచారు అన్నది. ముందు భాగమా, లోపలి అరలు కూడానా? కీళ్ళు, చానెళ్ళు, పిడులు కలిసే ఉన్నాయా? అటక తలుపులకు కూడా అదే రేటా? జీఎస్టీ కలిపారా? పగలగొట్టిన చెత్త కిందకు మోసి లారీకెత్తే కూలి ఎవరిది? ఇద్దరి కొటేషన్లు ఒకే కొలత మీద లేకపోతే చవకేదో ఖరీదేదో తేల్చలేం.

లక్షన్నరను నేనైతే ఇలా పంచుతాను. నీళ్ళు, మురుగు, సింకు కలిపి పాతిక వేలు. కరెంటుకు ఇరవై. టైళ్ళు, గ్రౌటు, మేస్త్రీ కూలికి ఇరవై. పొగకు, వెలుతురుకు పదిహేను. అందులో పై అర అడుగున ఎల్ఈడీ పట్టీ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే గది మధ్య లైటు వెనకనుంచి పడి కూర తరిగేచోట మన నీడే అడ్డొస్తుంది. తలుపులు, సొరుగులకు యాభై. ఇరవై వేలు ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టుకోండి, గోడ పగలగొట్టాక తుప్పు పట్టిన పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు బయటపడినప్పుడు అది కావాలి. డబ్బు చాలకపోతే కోత పెట్టాల్సింది ఆ యాభైలోనే. ఈ ఏడు పై అరలు ఆపి, కింద తలుపులతో సరిపెట్టుకుని, వచ్చే బోనస్‌కు మిగతావి బిగించుకున్నా ఏ గోడా పగలదు.

పని వరస కూడా ఇదే తర్కం మీద నడుస్తుంది. పగలగొట్టడం, గాడులు, పైపులు తీగలు, పరీక్ష, ప్లాస్టరింగ్, అది తడిపి ఆరేదాకా ఆగడం, నేల, గట్టు, గోడ టైళ్ళు, ఒక కోటు రంగు, ఆ తర్వాతే కార్పెంటరు. గృహప్రవేశాలు తగ్గే ఆషాఢంలో, మూఢాల్లో మేస్త్రీలు కాస్త తీరిగ్గా దొరుకుతారు, ముహూర్తం పట్టింపు లేనివాళ్ళకు అది లాభమే. వానాకాలం ప్లాస్టరింగ్ ఆరడానికి మాత్రం రెండు మూడు రోజులు ఎక్కువ వేసుకోండి. ఈలోగా బాల్కనీలోనో వరండాలోనో ఒక బల్ల, ఇండక్షన్ పొయ్యి, బకెట్టు నీళ్ళతో తాత్కాలిక వంటిల్లు ముందే సిద్ధం చేసుకోకపోతే హోటల్ బిల్లులు ఆ ఇరవై వేలను మింగేస్తాయి.

డబ్బు విడతలు రోజులను బట్టి కాకుండా దశలను బట్టి ఇవ్వండి. పైపుల పరీక్ష అయ్యాక ఒకటి, టైళ్ళయ్యాక ఒకటి, అలా. ప్రతి పనివాడి దగ్గరా పది శాతం చివరికి ఆపుకోండి. అది ఇచ్చేముందు సింకుకు మూత పెట్టి నిండుగా నీళ్ళు పట్టి, ఒక్కసారిగా మూత తీయండి. అంత నీరు ఒకేసారి దిగినప్పుడే అతుకుల సంగతి తెలుస్తుంది. కింద ట్రాపు చుట్టూ, పైపు గోడలోకి దూరే చోటా పొడి కాగితం అద్ది చూడండి. ఇండక్షన్, కెటిల్, ఓవెన్ మూడూ పావుగంట ఒకేసారి నడిపి, ప్లగ్గు పలకల మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. ఆర్‌సీసీబీ మీదున్న పరీక్ష బొత్తాం నొక్కితే టక్కున పడిపోవాలి. ఫ్యాను వేసి, గుమ్మం దగ్గర అగరొత్తి వెలిగించి పట్టుకుంటే పొగ లోపలికి లాగాలి. కాగితం తడిసినా, పలక వేడెక్కినా ఆ పది శాతం మీ దగ్గరే ఉండనివ్వండి, ఫోన్ వాళ్ళే చేస్తారు.